గోడంతా కార్క్ పరచాలా, ఒక్క బోర్డు చాలా?

ఇంట్లో పని చేసుకునే గదిలో కాగితాలు పిన్నుతో గుచ్చుకోడానికి ఎంత చోటు కావాలి? ముందు ఒక చిన్న లెక్క. నాలుగడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు ఉన్న బోర్డు మీద ఏ4 కాగితాలు నిలువుగా పక్కపక్కన గుచ్చితే వరసకి 5, అలాంటి వరసలు 3, మొత్తం 15 పడతాయి. ఎనిమిదడుగుల వెడల్పు, ఆరడుగుల ఎత్తున్న గోడంతా కార్క్ పరిస్తే 66 పడతాయి. ఇప్పుడు మీ టేబుల్ మీదున్న కాగితాల్లో రోజూ కంటికి కనపడుతూ ఉండాల్సినవి ఎన్నో లెక్కపెట్టండి. నాకు 11 తేలాయి. కాకపోతే ఈ లెక్క వేసుకునేసరికి 53 కార్క్ టైల్స్ ఇంటికి వచ్చేశాయి. గోడకి 48, కోతల్లో పాడైతే ఉంటాయని ఇంకో 5.

నేను ఇంట్లోనే కూర్చుని చిన్న వ్యాపారుల లెక్కలు చూస్తాను. 7వ తేదీకి టీడీఎస్, అంటే చెల్లింపుల్లోంచి ముందే కోసిన పన్ను, కట్టించాలి. 11కి జీఎస్టీఆర్-1, 20కి 3బి, ఈ రెండూ జీఎస్టీ రిటర్నులు. ఏ ఖాతాదారు ఏ కాగితం పంపలేదో, ఎవరికి ఫోన్ చేయాలో కళ్ళ ముందు లేకపోతే 19వ తేదీ రాత్రి టెన్షన్ తప్పదు. ఫోన్‌లో రిమైండర్లు పెట్టుకోవచ్చు కదా అంటారు. పెట్టుకున్నాను. మోగితే ఆపేసి మర్చిపోవడం కూడా అలవాటైంది. గోడ మీద కాగితాన్ని అలా ఆపేయలేం. మా నాన్న కొట్లో బిల్లులన్నీ ఒక ఇనుప తీగ కొక్కేనికి గుచ్చి దూలానికి వేలాడదీసేవారు. కొత్తది పైన, పాతది అడుగున. ఆయనకి అదే ఫైలు, అదే బోర్డు. కాబట్టి గోడ కావాలన్న విషయంలో నాకు సందేహం లేదు. ఎంత గోడ, దాని మీద ఏ సరుకు అన్నదే తేలాల్సింది.

దుకాణంలో ఏది ఏదో

స్టేషనరీ షాపుకెళ్ళి కార్క్ బోర్డు కావాలంటే మీ ముందు మూడు రకాలు పెడతారు, మూడింటినీ అదే పేరుతో పిలుస్తారు. ఒకటి అట్ట మీద పల్చటి కార్క్ పొర అతికించి, చుట్టూ చెక్క ఫ్రేము కొట్టినది. రెండోది నారతో ఒత్తి చేసిన మెత్తటి షీటు మీద నీలమో ఆకుపచ్చో గుడ్డ కప్పి, అల్యూమినియం ఫ్రేము వేసినది. బళ్ళలో, బ్యాంకుల్లో నోటీసు బోర్డులన్నీ ఇవే. దీని అసలు పేరు సాఫ్ట్ బోర్డు, కొందరు పిన్ అప్ బోర్డు అంటారు. మూడోది లోపల థర్మోకోల్ పెట్టి పైన గుడ్డ లాగినది. చేత్తో ఎత్తి చూడండి, గాలి బరువుంటే థర్మోకోలే. దానికి గుచ్చిన కంత గుచ్చినట్టే ఉండిపోతుంది. ఒకే చోట పదిసార్లు గుచ్చితే అక్కడ గొయ్యి పడి, తెల్లటి పూసలు టేబుల్ మీద రాలతాయి. పిల్లల ప్రాజెక్టుకి సరిపోతుంది, రోజూ వాడే గదికి వద్దు.

ఇక కార్క్. ఇది కార్క్ ఓక్ అనే చెట్టు బెరడు. పోర్చుగల్‌లో ఎక్కువగా పెంచుతారు, ప్రపంచానికి దొరికే కార్క్‌లో దాదాపు సగం అక్కడిదే. చెట్టుని కొట్టరు, బెరడు మాత్రం తొమ్మిదేళ్ళకోసారి ఒలుస్తారు. అది మళ్ళీ పెరుగుతుంది. సీసా బిరడాలు కోయగా మిగిలిన ముక్కల్ని నూరి, జిగురు కలిపి ఒత్తితే మన బోర్డు. 1665లో రాబర్ట్ హుక్ సూక్ష్మదర్శినిలో కార్క్ ముక్కని చూసి, అందులో గదులు గదులుగా కనిపించినవాటికి సెల్ అని పేరు పెట్టాడు. మనం బడిలో చదువుకున్న కణం పాఠం అక్కడే మొదలైంది. ఆ గదుల నిండా గాలే. పిన్ను దిగితే పక్కకి జరిగి, తీస్తే మళ్ళీ దగ్గరకొస్తాయి. కార్క్ మీద కంతలు అంతగా కనపడకపోవడానికి కారణం ఇదే.

అయితే ఈ గుణం పనిచేయాలంటే కార్క్ మందంగా ఉండాలి. చవక బోర్డుల మీద ఉండేది రెండు మూడు మిల్లీమీటర్ల పొర, వెనక గట్టి అట్ట. పుష్ పిన్ను సూది పొడవు సుమారు సెంటీమీటరు. అది పొర దాటి అట్టకి తగిలి ఆగుతుంది, కాగితం బరువుకి వంగుతుంది, రెండ్రోజుల తర్వాత నేల మీద దొరుకుతుంది, అదీ అరికాలికి. షాపులోనే పిన్ను అడిగి గుచ్చి చూడండి. తల దాకా దిగాలి, వేలితో కిందికి లాగితే కదలకూడదు. ఫ్రేము మూల దగ్గర పక్క నుంచి చూస్తే పొర ఎంతో, అట్ట ఎంతో కూడా తెలిసిపోతుంది. ఇంకో పరీక్ష: బొటనవేలితో గట్టిగా రుద్దండి. గింజలు రాలితే జిగురు తక్కువ కలిపారని అర్థం, వదిలేయండి.

ఆన్‌లైన్‌లో కొనేవాళ్ళకి ఈ పరీక్షలేవీ కుదరవు. అక్కడ కార్క్ మందం ఎంత, మొత్తం బోర్డు మందం ఎంత అని రెండూ విడివిడిగా రాశారో లేదో చూడండి. ఒక్క అంకే ఉంటే అది ఫ్రేముతో కలిపి చెప్పిందే అనుకోవచ్చు.

గోడంతా వేస్తే

ఫోటోల్లో చూస్తే నోరూరుతుంది, కాదనను. మా చెల్లెలి గదిలో చూస్తే ఇంకా బాగుంది. తను విశాఖలో బ్లౌజులకి మగ్గం వర్క్ చేయిస్తుంది. గుడ్డ ముక్కలు, జరీ నమూనాలు, ట్రేసింగ్ పేపర్లు, పూసల దండలు అన్నీ ఒకేసారి కనపడాలి, పక్కపక్కన పెట్టి రంగులు పోల్చాలి. వచ్చిన వాళ్ళు గోడ ముందు నిలబడి, “ఆ మూడోదాని అంచు, ఈ కిందిదాని పువ్వు” అని చూపిస్తారు. ఇలాంటి పనికి గోడంతా కావాల్సిందే, 15 కాగితాల బోర్డు దేనికీ చాలదు. సీరియల్‌కి సీన్లు రాసుకునేవాళ్ళు, ఇల్లు డిజైన్ చేసేవాళ్ళు, పోటీ పరీక్షకి పటాలూ కాలరేఖలూ పరుచుకునేవాళ్ళు కూడా ఈ లెక్కలోకే వస్తారు. చాలావాటిని పక్కపక్కన పెట్టి చూడటమే మీ పనైతే గోడ. గుర్తు పెట్టుకోవడమే పనైతే బోర్డు.

గోడంతా వేసేటప్పుడు టైల్స్‌ని నేరుగా సిమెంటు గోడకి అతికించొద్దని నా మాట. ఆరు మిల్లీమీటర్ల టైల్ వెనక సిమెంటుంటే పిన్ను సగమే దిగుతుంది. మళ్ళీ ఎప్పుడైనా తీసేయాలంటే లప్పం, పెయింటు కలిసి ఊడొస్తాయి. బదులుగా 12 మిల్లీమీటర్ల సాఫ్ట్ బోర్డు షీట్లు తీసుకోండి. ఎనిమిదడుగులు బై నాలుగడుగుల షీట్లు వస్తాయి, నేను చెప్పిన గోడకి ఒకటిన్నర షీటు. వాటిని స్క్రూలతో గోడకి బిగించి, వాటి మీద కార్క్ అతికించాలి. పిన్ను హాయిగా దిగుతుంది, ఇల్లు మారితే విప్పుకుని పోవచ్చు. టైల్స్‌ని ప్యాకింగు విప్పి రెండు రోజులు ఆ గదిలోనే ఉంచాలి, గది గాలికి అలవాటు పడ్డాక అతికిస్తే తర్వాత అంచులు లేవవు. జిగురు ఫెవికాల్ ఎస్‌ఆర్ లాంటి రబ్బరు రకం. రెండు వైపులా పూసి, వేలికి అంటనంత ఆరాక ఒత్తాలి. ఒకసారి అంటితే ఇక జరపడం ఉండదు, అందుకే మధ్యలో గీత గీసుకుని అక్కణ్ణుంచి రెండు వైపులకీ వెళ్ళాలి. ఆ వాసనకి తల తిరుగుతుంది. కిటికీలు తెరిచి ఉంచండి. దానికి నిప్పు కూడా చప్పున అంటుకుంటుంది, చుట్టుపక్కల దీపం, అగరబత్తి వెలిగించొద్దు.

ఖర్చు విషయంలో ఎవరూ ముందే చెప్పనిది ఒకటుంది. గోడ టైల్స్ ధర ఒక్కటే కాదు, అడుగు షీట్లు, జిగురు, కార్పెంటర్ కూలీ, చుట్టూ బీడింగు పట్టీ అన్నీ తోడవుతాయి. 48 చదరపు అడుగుల గోడకీ 12 చదరపు అడుగుల బోర్డుకీ తేడా నాలుగు రెట్లు అనుకుంటాం, చివరికి బిల్లు అంతకంటే ఎక్కువే తేలుతుంది.

ఇంకో చిక్కు ఎండ. పడమటి కిటికీ ఎండ పడే గోడ మీద కార్క్ వెలిసిపోతుంది. చెల్లెలు ఏడాది తర్వాత క్యాలెండరు తీస్తే, దాని వెనక ముదురు గోధుమరంగు చదరం అలాగే మిగిలి ఉంది, చుట్టూ మాత్రం పాలిపోయింది. కార్క్ వేస్తే గదిలో మోత తగ్గుతుందని అమ్మేవాళ్ళ మాట కూడా వింటాం. గది ప్రతిధ్వని కొంచెం తగ్గుతుంది, నిజమే. పక్కింటి మిక్సీ మాత్రం ఎప్పట్లాగే వినిపిస్తుంది.

గోడ తడిదా, పొడిదా

ఏ రకం కొన్నా ముందు చూడాల్సింది గోడ. అవతలి పక్క బాత్రూమ్ ఉన్న గోడకి, వానాకాలం చెమ్మ దిగే బయటి గోడకి ఏదీ తగిలించొద్దు. కార్క్‌కి తడి పెద్దగా పట్టదు గానీ దాని వెనకున్న అట్టకీ నార షీటుకీ పడుతుంది. బూజు, తర్వాత చెదలు. అనుమానముంటే ఒక అడుగు పాలిథిన్ ముక్కని నాలుగు అంచులా టేపు వేసి గోడకి అంటించి రెండు రోజులు వదిలేయండి. లోపలి వైపు నీటి చెమట పడితే ఆ గోడని మర్చిపోండి. పొడి గోడకైనా బోర్డు అడుగు మూలల వెనక చిన్న రబ్బరు బిళ్ళలు అతికిస్తే గాలి ఆడుతుంది. చెదల భయమున్న ఇంట్లో బోర్డు నేలకి తగలకుండా ఎత్తులోనే ఉండాలి.

అద్దె ఇంటివాళ్ళకి ఒక అనుభవం. ఇంతకుముందున్న ఇంట్లో మేకు కొట్టొద్దని ఓనర్‌గారు ముందే చెప్పారు. సరేనని డబుల్ సైడ్ టేపుతో మూడడుగుల బోర్డు అంటించాను. వారం బాగానే ఉంది. ఒక అర్ధరాత్రి పెద్ద చప్పుడు. బోర్డు కింద, దానితో పాటు అరచేతులంత డిస్టెంపర్ పెచ్చులు నాలుగు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఆ పెచ్చులకి అడ్వాన్సులో కోత పడింది. మేకు కంత రెండు చెంచాల లప్పంతో పూడిపోయేది, టేపు మొత్తం గోడకే ఎసరు పెట్టింది. అద్దె ఇంట్లో బోర్డుని టేబుల్ మీద నిలబెట్టి గోడకి ఆనించడం అన్నిటికంటే మేలు. జారకుండా కింద చిన్న పట్టీ పెడితే చాలు.

సొంత ఫ్లాటైనా, కొత్త అపార్ట్‌మెంట్లలో గోడలు మైవాన్ పద్ధతిలో కాంక్రీటుతో పోసినవైతే మామూలు డ్రిల్లు లోపలికి పోదు. హ్యామర్ డ్రిల్లు ఉన్న మనిషిని పిలవాలి. ఇటుక గోడకి ప్లాస్టిక్ ప్లగ్గు, స్క్రూ చాలు. ఏ గోడైనా స్విచ్ బోర్డుకి సూటిగా పైనా కిందా మాత్రం కంత పెట్టొద్దు, గోడ లోపల వైరు పైపులు సాధారణంగా అదే దారిలో నిలువుగా పోతాయి.

మిగతావి, త్వరగా

సాఫ్ట్ బోర్డు గురించి ఒక్క ముక్క: చూడ్డానికి ఆఫీసులా ఉంటుందని చాలామంది పక్కన పెడతారు. పనికి మాత్రం ఇదే గట్టిది. పిన్ను నిండా దిగుతుంది, కంతల్ని గుడ్డ దాచేస్తుంది, గుడ్డ మాసిపోతే మార్చుకోవచ్చు. ఒకే సైజులో కార్క్ కంటే చవక. రంగు నచ్చకపోతే మీకు నచ్చిన ఖద్దరో మంగళగిరి నేతో తెచ్చి పైన లాగించుకోవచ్చు. నేను చేసింది అదే.

వైట్ బోర్డు రాసి చెరిపే పనికి, కాగితాలకి కాదు. అయస్కాంతం అంటుకునేది కావాలంటే ఆ మాట గట్టిగా అడిగి, షాపులో అంటించి మరీ చూడండి. లామినేటు రకాలకి అంటదు. సగం కార్క్, సగం వైట్ బోర్డు ఉన్నవి మూడడుగుల లోపైతే రెండు పనులకీ చాలవు. ఫ్రిజ్ పక్కన పాల లెక్కకైతే సరే.

కంతల బోర్డు, అంటే పెగ్ బోర్డు, వస్తువుల కోసం. హెడ్‌ఫోన్లు, కత్తెర, ఛార్జరు వైర్లు, టేపు. 2018 ఆగస్టులో హైదరాబాద్‌లో ఐకియా తెరిచాక వాళ్ళ స్కాడిస్ బోర్డు చాలా ఇళ్ళలో కనపడుతోంది. 56 సెంటీమీటర్ల చదరంగా ఒకటి వస్తుంది, టేబుల్ పక్కన అది చాలు. కాగితాలకి దాని క్లిప్పులు వాడొచ్చు గానీ ఒక్కో కాగితానికి ఒక్కో కొక్కెం ఎందుకు.

తాడు కట్టి బట్టల క్లిప్పులు పెట్టడం అన్నిటికంటే చవక. ఫ్యాను వేయగానే కాగితాలన్నీ ఊగుతాయి, చూస్తూ పని చేయలేం.

అవును, ఫ్యాను. బయటి దేశాల ఫోటోల్లో కాగితం నెత్తిన ఒక్క పిన్నుతో అందంగా వేలాడుతుంది. మన సీలింగ్ ఫ్యాను కింద అది రోజంతా టపటపా కొట్టుకుంటుంది, కంత పెద్దదై చివరికి చిరుగుతుంది. పైన రెండు, కింద ఒకటి, మొత్తం మూడు పిన్నులు లెక్కేసుకోండి. లేదా ఒక క్లిప్‌బోర్డుని స్క్రూకి తగిలించి అందులో పెట్టండి. పాకే పిల్లలుంటే పిన్నుల మాట మర్చిపోయి అయస్కాంతం బోర్డుకి వెళ్ళండి, వాళ్ళ నోట్లోకి పోని సైజు అయస్కాంతాలతో. సముద్రం దగ్గరి ఊళ్ళలో పిన్నులు తుప్పు పడతాయి. చెల్లెలి పట్టు ముక్క మీద తుప్పు చుక్క పడ్డాక, తను పిన్నుకి ప్లాస్టిక్ క్లిప్పు తగిలించి, గుడ్డని క్లిప్పుకి పెడుతోంది.

ఎక్కడ తగిలించాలి

అందరూ టేబుల్ ఎదురుగా గోడకే తగిలిస్తారు. అక్కడ మానిటరు వెనక అడుగున్నర గోడ ఎలాగూ కనపడదు, దాని పైన పెడితే మెడ ఎత్తాలి, గుచ్చాలంటే టేబుల్ మీదికి వంగాలి. నాకు పక్క గోడ నచ్చింది. కుర్చీ తిప్పితే చేతికందుతుంది. కొనే ముందు బోర్డు సైజుకి పాత దినపత్రికలు కలిపి గోడకి అంటించి నాలుగు రోజులు పని చేసుకోండి. నేను మొదట అనుకున్న చోట కాగితం తలుపు తెరిస్తే నలిగిపోయింది. మేకు కొట్టాక తెలిస్తే ఏం చేసేదాన్ని?

వీపు వెనక గోడకి మాత్రం వద్దు. వీడియో కాల్‌లో అది చాలా అందంగా పడుతుంది, దాని మీదున్న ఇంకొకరి పాన్ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు కూడా అంతే స్పష్టంగా పడతాయి. నాకు ఒక ఖాతాదారే నవ్వుతూ చెప్పారు, “మేడమ్, మా పోటీ షాపాయన టర్నోవరు మీ వెనక కనపడుతోంది” అని. ఆయన నవ్వాడు గానీ నాకు చెమటలు పట్టాయి. ఆ రోజే బోర్డు మార్చాను. పాస్‌వర్డులు ఏ గోడకీ వద్దని వేరే చెప్పక్కర్లేదు.

నా ఎంపిక, మీకు ఏది

అద్దె ఇల్లు, కాగితాలు 8 లోపు: రెండడుగులు బై మూడడుగుల సాఫ్ట్ బోర్డు, టేబుల్ మీద ఆనించి. సొంత ఇల్లు, తేదీలతో నడిచే పని: నాలుగడుగులు బై మూడడుగుల సాఫ్ట్ బోర్డు పక్క గోడకి, పక్కనే చిన్న వైట్ బోర్డు. కార్క్ రూపమే కావాలంటే ఈ సైజులోనే మందమైన కార్క్ బోర్డు తీసుకోండి, చవకది వద్దు, ఎండ పడే చోట అసలే వద్దు. పొడి గోడ ఉన్న సొంత గది, రంగులో నమూనాలో సీన్లో పోల్చే పని: గోడంతా కార్క్, కింద సాఫ్ట్ బోర్డు షీట్లతో. గోడంతా కావాలని మనసు లాగుతూ పని మాత్రం నాలాంటిదైతే, ముందు చిన్న బోర్డు కొని ఆరు నెలలు నింపి చూడండి. నిండి పొర్లితే అప్పుడు పెంచుకోవచ్చు.

తగిలించాక బోర్డుని మూడు భాగాలుగా ఎర్ర ఊలు దారంతో విడగొట్టాను. ఎడమన ఈ వారం తేదీలు, మధ్యలో ఎవరి నుంచి కాగితం రావాలో వాళ్ళ పేర్లు, కుడివైపు ఎప్పుడూ ఉండే ఫోన్ నంబర్లు, పన్ను రేట్ల పట్టిక. మొదట్లో కుడివైపు భాగమే ఉబ్బిపోయింది. పెళ్ళి శుభలేఖలు, కరెంటు బిల్లు, మావాడి స్కూలు టైమ్‌టేబుల్, ఎప్పటిదో మందుల చీటీ. మా అత్తయ్య వచ్చి, “ఇది గోడా, పోస్టాఫీసు పెట్టెనా?” అన్నారు. అప్పటినుంచి ప్రతి కాగితం మూలన గుచ్చిన తేదీ పెన్సిల్‌తో రాస్తున్నాను. ప్రతి నెలా 21న, 3బి పని అయిపోయిన మర్నాడు, నెల దాటినవి తీసి ఫైల్లో పెడతాను. పది నిమిషాల పని. టీ తాగుతూ అయిపోతుంది.

ఇక ఆ 53 టైల్స్. వాపసు గడువు దాటిపోయింది. చెల్లెలికి ఫోన్ చేస్తే, “ఇంకో గోడకి ఎలాగూ తెప్పించాలనుకుంటున్నా అక్కా, పంపించు” అంది. బస్సు పార్సిల్‌లో 50 వెళ్ళాయి. పిన్ను పరీక్షలకి ఒకటి నా చేతిలో పాడైంది. మిగిలిన రెండూ వంటింట్లో ఉన్నాయి, ఒకటి అన్నం గిన్నె కింద, ఒకటి సాంబారు గిన్నె కింద.